ధర పెరిగిన నెలలో నేను చేయని ఫోను

ఫోన్లో జనానికి జవాబు చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మొన్న దేవరయాంజాల్ గుడి దగ్గర నన్ను ఆపి, "అత్తా, గన్ని తిట్లు పడుకుంట పద్నాలుగేండ్లు ఎట్ల జేసినవ్?" అని అడిగింది. చేతిలో ప్రసాదం ఉంది, వెనక జనం తోస్తున్నారు. ఏదో నవ్వి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, నన్ను తిట్టినవాళ్ల కన్నా, తిట్టాల్సిన చోట తిట్టకుండా నిలబడ్డ ఒక మనిషే ముందుగా గుర్తొచ్చింది. ఆమె గురించీ, నా తప్పు గురించీ రాస్తాను. ఇలాంటి ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు చదివితే సంతోషం.

మా కంపెనీ ఇంటర్నెట్ పేర్లు అమ్మేది. దుకాణానికి బోర్డు ఉన్నట్టు వెబ్‌సైటుకు ఒక పేరుంటుంది కదా, అది. ఆ పేరును ఒకసారి కొనేసి ఊరుకోవడం కుదరదు. ఏటేటా డబ్బు కట్టి నిలుపుకోవాలి. కట్టకపోతే కొన్నాళ్లకు అది ఎవరైనా తీసుకోగల పేరైపోతుంది. కొంపల్లిలో మేడ్చల్ రోడ్డు మీద, ఒక స్వీటు షాపు పైన మా బ్రాంచి. పొద్దున్నే జిలేబీ వాసన, సాయంత్రం మిర్చీ వాసన. పని చేసేవాళ్లం ఆరుగురం.

నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేస్తే బాపు ఇంట్లోనే పలక పట్టించాడు, పదో తరగతి పరీక్ష కూడా ఇంటి నుంచే వెళ్లి రాశాను. సర్టిఫికెట్లు తక్కువ, దస్తూరి మాత్రం ముత్యాల్లా ఉండేది. కంప్యూటర్ల ఆఫీసులో దస్తూరి చూసి ఉద్యోగం ఇచ్చారని నన్ను ఆటపట్టించేవారు. అలా ఇచ్చినవాళ్లకు ఇవాళ్టికీ దండం పెట్టుకుంటాను.

ఆ దస్తూరికి నిజంగానే పని పడింది. మా దగ్గరికి వచ్చేవాళ్లు శామీర్‌పేట నర్సరీల వాళ్లు, గండిమైసమ్మ దగ్గర ఫంక్షన్ హాళ్ల వాళ్లు, ట్యూషన్ సెంటర్ల వాళ్లు. చాలామందికి ఈమెయిలు ఉండదు, ఉన్నా తెరిచి చూడరు. ఫారంలో మాత్రం ఈమెయిలు గడి నింపితేనే పేరు నమోదవుతుంది. "నీదే ఏదో ఒకటి పెట్టక్కా" అనేవారు. నేను మా ఆఫీసు అడ్రసు పెట్టేదాన్ని. అంటే గడువు గురించి వాళ్లకు పోవాల్సిన ఉత్తరాలన్నీ మాకే వచ్చేవి. అందుకని ఒక పొడుగాటి నోటుబుక్కు పెట్టాను. తారీఖుకు ఒక పేజీ. పొద్దున లైన్లు తెరవకముందు ఆ రోజు పేజీ తీసి, సరిగ్గా నెలకు గడువు ముగిసేవాళ్లకు నేనే ఫోన్ చేసి చెప్పేదాన్ని. ఎవరూ చెప్పి చేయించింది కాదు. మా బ్రాంచి అలవాటు అది. రామా అనుకుని మొదటి నంబరు నొక్కేదాన్ని. అవతలివాళ్లు "ఆ అక్కా, మంచిగున్నవా" అనేవారు. రోజంతా ఆ మాటతోనే నడిచేది.

ఒక శుక్రవారం సాయంత్రం పై ఆఫీసు నుంచి మెయిలొచ్చింది. సోమవారం నుంచి ధర పెరుగుతుంది. కొంచెం కాదు, దాదాపు ఒకటిన్నర రెట్లు. కస్టమర్లందరికీ ఉత్తరాలు వెళ్లిపోయాయని, అడిగితే చెప్పాల్సిన జవాబు కింద ఉందని రాశారు. ఆ జవాబులో "అంతర్జాతీయ పరిస్థితుల దృష్ట్యా" అని ఉంది. సోమవారం పొద్దున ఆ ముక్క మొదటి మనిషికి చదివి వినిపించాను. ఆయన మేకల ఫారం పెట్టుకున్న పెద్దాయన. ఓపిగ్గా అంతా విని, "బిడ్డా, మేత రేటు పెరిగి మేక ధర పెరిగిందంటె నాకు సమజైతది. పేరుకు మేతేంది?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ ముక్క చదవడం మానేశాను.

మెయిలు చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పారు. ఎన్ని రకాలుగా కోపం వచ్చిందో చెబితే మీరు నమ్మరు. ఒక ఫంక్షన్ హాలాయన, ముహూర్తం పెట్టుకున్నాక తను హాలు కిరాయి పెంచితే పెళ్లివారు ఊరుకుంటారా అని నిలదీశాడు. ఒక విల్లాల సంఘం కార్యదర్శి తొమ్మిది పేజీల ఉత్తరం రాసి, మా ఆఫీసుకు తనే స్వయంగా తెచ్చి, మేం చదివేదాకా ఎదురుగా కూర్చున్నాడు. ఒక టైలరు, తన పేరులో రెండక్షరాలు కత్తిరిస్తే ధర తగ్గుతుందా అని అడిగాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. రిటైరైన ఒక టీచరమ్మ మాత్రం నేను చెప్పిందంతా విని, "ధర సంగతి దేవుడెరుగు, నీ గొంతు పోయింది, లేచి నీళ్లు తాగు" అని ఫోన్ పెట్టేసింది. నిజంగానే లేచి తాగాను.

నా పక్క సీటులో మేడ్చల్ నుంచి వచ్చే అమ్మాయి కూర్చునేది. ప్రతి తిట్టునూ భోజనాల దగ్గర నటించి చూపించి మమ్మల్ని నవ్వించేది. ఆ పిల్ల లేకపోతే మాలో ఇద్దరైనా ఆ వారమే మానేసేవాళ్లు. మా మేనేజరు నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, బ్రాంచికి వచ్చి నాలుగు నెలలే అయింది. గొంతు లేస్తే చాలు, ఎవరి ఫోనైనా తనే అందుకునేవాడు. వాళ్లిద్దరినీ తలుచుకుంటే మనసు నిండుతుంది.

ఆ గోలలో నేను పొద్దుటి ఫోన్లు మానేశాను. లైన్లు తెరవకముందే జనం మెట్ల మీద నిలబడి ఉండేవారు, తీరిక లేదన్నది నిజం. మూడు వారాలు నోటుబుక్కు తెరవలేదు. జోరు తగ్గాక మళ్లీ తెరిచాను. తెరిచింది ఆ రోజు పేజీ. దాటిపోయిన పేజీలు వెనక్కి తిప్పి చూడలేదు. నా తప్పు అదే, అంత చిన్నది.

రెండు నెలలు దాటాక, ధర గొడవ చాలావరకు సద్దుమణిగాక, ఒక పొద్దున శామీర్‌పేట నుంచి ఫోనొచ్చింది. చెరువులో చేపలు పట్టే కుటుంబాల ఆడవాళ్లు పదిమంది కలిసి సంఘం పెట్టుకుని చేప పచ్చడి చేసి అమ్ముతారు. వాళ్ల పెద్ద, యాభై దాటిన మనిషి, మూడేళ్ల కిందట నా దగ్గరే పేరు తీసుకుంది. ఒక ఇంజనీరింగు పిల్లవాడు వాళ్లకు వెబ్‌సైటు కట్టిపెట్టాడు. ఊరు దాటి వచ్చే గిరాకీ అంతా దాని నుంచే.

"చెల్లె, మాది తెరుస్తలేదు. ఏందో సూడు జర."

చూశాను. గడువు దాటి నెల పైన అయింది. మా కంపెనీలో గడువు దాటినా నెల రోజులు పేరు నడుస్తూనే ఉండేది, మామూలు ధర కట్టి నిలుపుకోవచ్చు. ఆ నెల కూడా అయిపోయింది. ఇక మిగిలింది జరిమానా దశ. ఏడాది ధరకు ఎన్నో రెట్లు కట్టి విడిపించుకోవాలి, అదీ పదకొండు రోజుల్లోపు. పదకొండు రోజులు దాటితే ఆ పేరు ఎవరు ముందు అందుకుంటే వాళ్లది. నోటుబుక్కు వెనక్కి తిప్పాను. నేను తెరవని పేజీల్లో ఒక దాని మీద, నా చేతిరాతలోనే, వాళ్ల సంఘం పేరుంది.

ఇంతలో ఆమె చెప్పింది, పోయిన నెలే ఏడాదికి సరిపడా లేబుళ్లు అచ్చు వేయించారట. ప్రతి సీసా మీదా ఆ వెబ్‌సైటు పేరే ఉంది. కొంపల్లి దుకాణాల్లో సీసాలు ఇప్పటికే పెట్టారు. ఆ పేరు ఇంకెవరి చేతికైనా పోతే, వాళ్ల సీసా చూసి వెతికినవాళ్లు వేరేవాళ్ల దగ్గరికి పోతారు. కనుక్కుని చెబుతానన్నాను. రేపు వస్తామంది.

మేనేజరుకు చూపించాను. ఆయన రికార్డు తిరగేసి, పై ఆఫీసు వాళ్లు ఇలాంటి వాటికి ఇమ్మన్న జవాబు నా స్క్రీను మీద పెట్టాడు. "గడువు గురించి నమోదైన ఈమెయిలుకు మూడుసార్లు తెలియజేశాము." అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. నాకు భయం వేసింది అందుకే. ఆ సాయంత్రం గుడిలో ఏం కోరుకోవాలో తెలియక ఊరికే నిలబడి వచ్చాను.

మర్నాడు ఆమె ఇద్దరు ఆడవాళ్లతో వచ్చింది. ఒక సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టింది, లేబులు నా వైపు తిప్పి. మేనేజరు గది తలుపు తెరిచే ఉంది. జవాబు స్క్రీను మీదే ఉంది.

"అక్కా," అన్నాను, "మూడుసార్ల మెయిల్ పంపినం అని ఇండ్ల రాసున్నది. అది నిజమే. గాని ఆ మెయిల్ అడ్రసు మీది గాదు, మాది. మీకు మెయిల్ లేదంటె నేనే మాది రాసిన. ఫోన్ జేసి చెప్పుడు నా పని. జెయ్యలే."

వెంట వచ్చిన వాళ్లలో చిన్నామె నన్ను ఎగాదిగా చూసి, "అంటే మీకు మీరే ఉత్తరం రాసుకొని, మీరే సదువక పడేసిన్రా?" అంది. పక్క సీటు అమ్మాయి నవ్వబోయి తల దించుకుంది.

పెద్దామె నవ్వలేదు. "ఎందుకు జెయ్యలే?" అని అడిగింది.

తీరిక లేదని చెప్పబోయాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. "ధర పెరిగిందని అందరు తిడుతుండ్రి అక్కా. ఫోన్ జేసి మల్ల నేనే తిట్టించుకోవాల్నా అనిపించింది. గా నోటుబుక్కు ముట్టబుద్ధి గాలే."

అప్పటిదాకా ఆ మాట నాకు నేనే చెప్పుకోలేదు. తీరిక లేకపోవడం సగమే నిజం. తెరవనక్కర లేనందుకు లోపల హాయిగా కూడా ఉండింది.

ఆమె సీసాను పక్కకు జరిపింది. "మేము గూడ తిడుదుము," అంది. "తిట్టినంక కడుదుము. తిట్లు ఎంతసేపుంటయ్ చెల్లె? ఇగ పేరు ఎట్లొస్తది, గది చెప్పు."

జరిమానా గురించి, పదకొండు రోజుల గురించి చెప్పాను. ఆమె వెంట వచ్చినవాళ్లతో మెల్లగా ఏదో మాట్లాడి, నా వైపు తిరిగింది. "ఏడాది ధర మాది. పెరిగినా మాదే, పెరిగిందే కడతం. జుర్మానా మీది."

ఇన్నేళ్లలో ఎన్నో ఫిర్యాదులు విన్నాను, ఎన్నో తీర్పులు చూశాను. ఇంత తక్కువ మాటల్లో ఇంత సరిగ్గా తూకం వేసినవాళ్లను మళ్లీ చూడలేదు.

మేనేజరు గదిలోంచి వచ్చి నిలబడ్డాడు. అంతా విన్నాడని ముఖం చూస్తేనే తెలిసింది. "జుర్మానా మాదే అమ్మా," అన్నాడు. వాళ్లు వెళ్లాక, నా జీతంలోంచి పట్టుకొమ్మని అడిగాను. "నీ జీతంల కెళ్లి కడితే ఆఫీసుకు బుద్ధెట్లొస్తదక్కా?" అని, కూర్చుని పై ఆఫీసుకు ఉత్తరం రాశాడు. తప్పు బ్రాంచిది అని మొదటి వాక్యంలోనే రాశాడు. కింద తన సంతకమే పెట్టాడు, నాది పెట్టనివ్వలేదు. ఉద్యోగంలో కుదురుకోని మనిషి అలా రాయడానికి ఎంత ధైర్యం కావాలో అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు, ఇప్పుడు తెలుస్తోంది.

పై ఆఫీసు నాలుగో రోజుకు ఒప్పుకుంది. ఒప్పుకున్నా పేరు వెనక్కి రావడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది, వస్తుందని గట్టిగా చెప్పలేమన్నారు. ఇక పొద్దున్నే వచ్చి దీపం చూసినట్టు స్క్రీను మీద ఆ పేరు ఎదురుగా ఉన్న గడినే చూసేదాన్ని. ఎర్రగానే ఉండేది, పేరు ఇంకా రానట్టు.

మధ్యలో ఆదివారం వచ్చింది. దుకాణాలకు పంపాల్సిన సీసాలు ఆగిపోయాయి. పేరు పోతే పోయిందని, లేబులు మీది వెబ్‌సైటు పేరు కప్పేలా ఫోన్ నంబరు చీటీ అంటించి పంపుతున్నామని పెద్దామె చెప్పింది. నేనూ వస్తానన్నాను. చెరువు పక్కన రేకుల షెడ్డు. ఎనిమిదిమంది గుండ్రంగా కూర్చుని ఉన్నారు, మధ్యలో సీసాల కుప్ప, జిగురు గిన్నెలు. నేను నీసు ముట్టను, ఒక మొక్కు ఉంది. అది వాళ్లకు ఎప్పుడు చెప్పానో గుర్తులేదు. నేను కూర్చోకముందే, "చాయ్ గిన్నె వేరే పెట్టిన, ఫికర్ జెయ్యకు," అంది పెద్దామె. నేను చేసిన తప్పుకు చాకిరీ చేస్తూ, నా మొక్కు చెడకుండా చూస్తున్న మనిషి ముందు తలెత్తలేకపోయాను. చీటీలు అంటిస్తూ కూర్చున్నాను.

ఆడవాళ్లు నన్ను ఊరికే వదల్లేదు. చిన్నామె ప్రతి సీసా నా చేతికిస్తూ, "మంచిగ అంటించు, ఊడితె మల్ల మీకు మీరే ఉత్తరం రాసుకుంటరు," అనేది. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని.

మాటల్లో పెద్దామె చెప్పింది, పోయినేడు నూనె ధర పెరిగినప్పుడు వాళ్లూ సీసా ధర పెంచారట. ఎలా పెంచారో అడిగాను. పాత ధరకు చేసిన సీసాలు బయట అమ్మకుండా ఆపి, పాత గిరాకీలందరికీ ఒక్కొక్కటి చొప్పున పట్టుకుని ఇంటింటికీ పోయారట. ఇది పాత ధరకే తీసుకోండి, వచ్చేసారి నుంచి ఇంత అవుతుంది అని ఎదురుగా నిలబడి చెప్పారట. ఒకామె కోపంతో సీసా వాపసు ఇచ్చేసిందట, మూడో నెలలో మళ్లీ ఆమే అడిగి తెప్పించుకుందట.

"పెంచెటోళ్లు ముంగట నిలబడాలె చెల్లె," అంది. "ముంగట మనిషుంటె కోపం వస్తది, పోతది. ఎవ్వరు లేకుంటె కూర వండుకుంట గూడ తిట్టుకుంటనే ఉంటరు."

మెయిలు పంపి తలుపు వెనక దాక్కున్న మా కంపెనీ కళ్ల ముందు కనిపించింది. తొమ్మిది పేజీల ఉత్తరం పట్టుకుని మా ఎదురుగా కూర్చున్న ఆయన కూడా, మనిషి ముఖం చూడటానికే వచ్చాడేమో. సోమవారం ఇది మేనేజరుకు చెప్పాను. ఆయన నోటుబుక్కు అడిగి తీసుకుని, నేను దాటేసిన పేజీల్లో మిగిలినవాళ్లకు ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేశాడు. తిట్లన్నీ తనే తిన్నాడు. దేవుడి దయ, మిగతా పేర్లన్నీ దక్కాయి.

తొమ్మిదో రోజు పొద్దున గడి ఆకుపచ్చగా ఉంది. చేతులు జోడించాను. పక్క సీటు అమ్మాయి కిందికి పరిగెత్తి వెళ్లి జిలేబీ తెచ్చింది. శామీర్‌పేటకు ఫోన్ చేసి, "అక్కా, మీ పేరు మీకొచ్చింది," అన్నాను. ఆమె గెంతులేస్తుందనుకున్నాను. "మంచిది," అంది. "రేపొస్త. ఇంకో పనున్నది."

మర్నాడు ఒక్కతే వచ్చింది. సంఘం పేరు మీద ఈమెయిలు చేయించుకుందట, దాన్ని తెరవడం, చదవడం నాలుగు రోజులు కూర్చుని నేర్చుకుందట. "మీ అడ్రసు తీసెయ్. మాది పెట్టు." నేను కీబోర్డు మీద చెయ్యి వేయబోతే ఆపింది. "ఆగు. నేనే కొడత."

లేచి నా కుర్చీ ఇచ్చాను. ఆమె కొంగుతో వేళ్లు తుడుచుకుని, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మొదలుపెట్టింది. వెనక నలుగురైదుగురు వరసలో నిలబడ్డారు. అందరికన్నా ముందున్నాయన చేతిలో ఫైలుంది, ధర గురించి కొట్లాడటానికే వచ్చాడని ఫైలు పట్టుకున్న తీరులోనే తెలుస్తోంది. ఆమెకు మధ్యలో వచ్చే సున్న చుట్టిన గుర్తు ఎక్కడుందో దొరకలేదు. ఆయన వంగి, "రెండు అంకె మీదున్నది సూడమ్మా," అని చూపించాడు. ఆమె నొక్కింది. చివరి అక్షరం దాకా కొట్టి, మొదటి నుంచి ఒకసారి వేలు పెట్టి చదువుకుంది. అప్పుడు ఎంటర్ నొక్కింది. ఆమె ఫోను చిన్నగా మోగింది, కొత్త అడ్రసుకు మా నుంచి మొదటి మెయిలు. తెరిచి, చదివి, లేచి నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది.

నేను కుర్చీలో కూర్చుని, ఫైలాయన వైపు తిరిగాను. ఆయన ఫైలు తెరవలేదు.

"ధర సంగతి తర్వాత మాట్లాడుకుందం మేడమ్," అన్నాడు. "ముందుగాల నాది ఎవరి అడ్రసు మీదున్నదో సూడు."

చూశాను. మాదే. కుర్చీలోంచి లేచి, ఆయన్ని కూర్చోమన్నాను.